మెట్ల మీద హులో

మగపిల్లిని బెంగాలీలు హులో అంటారు. కోల్‌కతాలో పాత భవనాల మెట్ల కింద తరచూ ఒక హులో కాపురముంటుంది. దానికి చేపముళ్లు పెట్టే పెద్దావిడ ఒకరుంటారు, దాన్ని గోనెసంచిలో కట్టి అవతల పారేయాలనే పెద్దమనిషి ఇంకొకరుంటారు. దక్షిణ కోల్‌కతాలో మేమున్న భవనంలోని హులో చెవి చిరిగిన బూడిదరంగు ఘటం. ఒక సాయంత్రం అది మూడో అంతస్తు కుర్రాడి పిక్క మీద రక్కింది. ఆ రాత్రే సమావేశం. గంటన్నర సేపు అందరూ పిల్లి గురించే వాదించుకున్నారు. కుర్రాడి కాలు సంగతి ఎవరూ ఎత్తలేదు. వాళ్లమ్మ పసుపు అద్దారట.

నాకు భయం వేసింది ఆ పసుపు చూసే. కుక్క కరిస్తే ఆసుపత్రికి పరుగెత్తే మనం పిల్లి రక్కితే ఊరుకుంటాం. కానీ రేబిస్ ఉన్న కుక్క కరిచిన పిల్లికీ ఆ వ్యాధి వస్తుంది, దాని నుంచి మనకూ వస్తుంది. లక్షణాలు బయటపడ్డాక బతికినవాళ్లు ప్రపంచం మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టేటంత మంది. అలాంటి రోగుల్ని చివరికి చేర్చే బేలియాఘాటా ఐ.డి. ఆసుపత్రిలో వైద్యులు చేయగలిగింది బాధ తగ్గించడం ఒక్కటే.

కాబట్టి ముందు కుళాయి దగ్గరకు వెళ్లాలి. సబ్బుతో, పారే నీటితో పదిహేను నిమిషాలు, గడియారం చూసి మరీ కడగాలి. పసుపు, సున్నం, కాఫీపొడి వద్దు. అదే రోజు వ్యాక్సిన్ మొదలుపెట్టాలి. రక్తం వచ్చిన గాయమైతే అందులోకి ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఎక్కించాలి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న పాత భయం ఇంకా కొందరిని ఆపుతోంది. గొర్రె మెదడు నుంచి తీసిన ఆ మందు వాడకం మన దేశంలో 2005 నాటికే ఆగిపోయింది. ఇప్పుడు వేసేది చేతికి, నాలుగైదు విడతలు. పది రోజులు పిల్లిని గమనించి చూద్దామంటే, వీధిపిల్లి పదో రోజున కనబడుతుందని హామీ ఎవరిస్తారు? కరిస్తే ఇంకో చిక్కు. దాని పళ్లు సూదుల్లాంటివి. పైకి చిన్న చుక్కే కనిపిస్తుంది, లోపల పాశ్చురెల్లా బ్యాక్టీరియా ఒక్క రోజులో చేతిని బూరెలా ఉబ్బిస్తుంది.

ఇక హులో సంగతి. గదిలో పెట్టి కొడితే పిల్లి కూడా పులవుతుందని మనవాళ్లు ఎప్పుడో అన్నారు. కుర్రాడు మెట్లు దిగుతున్నాడు, కింది నుంచి ఎవరో ఎక్కుతున్నారు, మధ్యలో పిల్లి. దానికి దారి లేదు. చెవులు వెనక్కి అణిగి, తోక అటూ ఇటూ కొట్టుకుంటూ, కనుపాపలు పెద్దవైతే అది హెచ్చరిక. కళ్లలోకి చూడకండి, పరుగెత్తకండి, పక్కకు జరిగి దారి వదలండి. కోల్‌కతా బాబుగారి చంకలో గొడుగు ఎలాగూ ఉంటుంది, దాన్ని మెల్లగా తెరిచి మధ్యలో అడ్డం పెట్టుకోండి. పొడవడానికి కాదు. రెండు పిల్లులు పోట్లాడుకుంటుంటే మాత్రం చేతులు పెట్టకండి, చెంబెడు నీళ్లు చల్లండి. పిల్లలతో ఉన్న తల్లి, గాయపడిన పిల్లి కూడా మీద పడతాయి. రెచ్చగొట్టకుండానే దాడి చేస్తూ, చొంగ కారుస్తూ, తూలుతూ ఉంటే అది కోపం కాదు, జబ్బు. దగ్గరకు వెళ్లకుండా మునిసిపల్ అధికారులకు చెప్పాలి.

గోనెసంచి పార్టీకి ఒక మాట. అన్నం దొరికే చోటు ఖాళీ అయితే ఇంకో హులో వచ్చి చేరుతుంది. పైగా పాత శిక్షాస్మృతి జంతువును చంపిన నేరాన్ని దాని ఖరీదుతో కొలిచేది, కనీసం పది రూపాయలుండాలనేది. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్‌లో ఆ లెక్క లేదు, ఐదేళ్ల దాకా జైలు.

చేపముళ్ల పెద్దావిడది వేరే వాదన. పిల్లలను కాచే షష్ఠీదేవికి పిల్లే వాహనం. ఓ ఇంటి చిన్నకోడలు వంటింట్లో దొంగతిండి తిని నేరం పిల్లి మీదకు నెట్టిందని, కోపం వచ్చిన ఆ పిల్లి ఆమె బిడ్డలను ఎత్తుకుపోయిందని వ్రతకథ. పెద్దావిడ అది చెప్పి, హులో జోలికి వెళ్లవద్దన్నారు. కథ బాగుంది గానీ, మెట్ల మీద ముళ్లు వేసి పిల్లిని అక్కడ నిలబెట్టింది ఆవిడే. అది ఆవిడకు చెప్పడానికి నాకు రెండు కప్పుల టీ పట్టింది.

ఇప్పుడు ముళ్లు పెరటిగోడ దగ్గర, రోజూ ఒకే వేళకు పెడుతున్నారు. చేపముక్క పెట్టిన బోనులో హులోను పట్టి పశువైద్యుడి దగ్గర ఆపరేషన్, రేబిస్ టీకా రెండూ చేయించాం. ఖర్చు రెండు పార్టీలూ పంచుకున్నాయి. కొన్ని వారాలకు దాని కొట్లాటలు తగ్గాయి, మెట్ల మూలన ఆ కంపూ తగ్గింది. కుర్రాడికి చివరి సూది 28వ రోజున వేశారు. వాడు మాత్రం ఇంకా పెరటివైపు మెట్లే దిగుతున్నాడు.