ఓటుకు వెరవని తీర్పు రాయగలరా?

జడ్జి కావాలంటే మన దగ్గర లా చదవాలి, జ్యుడీషియల్ సర్వీస్ పరీక్ష రాయాలి. అమెరికాలోని టెక్సస్‌లో అయితే ఓట్లు అడగాలి.

షారన్ కెల్లర్‌నే చూడండి. డాలస్‌లో ప్రాసిక్యూటర్‌గా పనిచేసి, 1994లో రాష్ట్ర క్రిమినల్ అప్పీళ్ల కోర్టుకు ఎన్నికైన తొలి మహిళ. క్రిమినల్ కేసుల్లో అక్కడ అదే అత్యున్నత కోర్టు. 2000లో ప్రధాన న్యాయమూర్తిగా గెలిచారు. 2007లో మరణశిక్ష పడ్డ ఖైదీ అప్పీలు కోసం సాయంత్రం 5 దాటాక ఆఫీసు తెరిచి ఉంచేందుకు ఒప్పుకోలేదు. ఆ రాత్రే శిక్ష అమలైంది. విమర్శలు వెల్లువెత్తినా 2012లో జనం మళ్లీ గెలిపించారు.

2021లో ఆ కోర్టు, ఎన్నికల నేరాలపై అటార్నీ జనరల్ సొంతంగా కేసులు నడపలేరని 8-1తో తీర్పిచ్చింది. సొంత పార్టీవాడైన ఆయనే 2024 ప్రైమరీలో కెల్లర్‌తోపాటు మరో ఇద్దరు జడ్జీలను ఓడించమని ప్రచారం చేశారు. ముగ్గురూ ఓడిపోయారు.

జడ్జీలకూ జవాబుదారీతనం ఉండాల్సిందే. కానీ తీర్పు రాసే చెయ్యి ఓట్లు లెక్కపెట్టుకుంటే ఎలా? మన పరీక్ష పద్ధతిలో ఆ భయం లేదు. అలాగని ఒత్తిళ్లు ఉండవనుకోకండి. సెక్షన్లు బట్టీ పడితే ర్యాంకు వస్తుందేమో, ధైర్యం రాదు. పదిమందికీ నచ్చకపోయినా చట్టం చెప్పిందే రాయగలరా? కోచింగ్‌లో చేరేముందే మిమ్మల్ని మీరు అడిగి చూసుకోండి.