తుపాకీ గురిపెడితే తిరగబడాలా.. తాళాలు ఇచ్చేయాలా? దుకాణదారులకు చట్టం ఇచ్చిన హక్కు ఎంత?

2025 ఆగస్టు 12. హైదరాబాద్ చందానగర్‌లోని ఖజానా జ్యువెలరీ. ఉదయం షాపు తెరిచిన కాసేపటికే ముసుగులు వేసుకున్న దుండగులు లోపలికి దూసుకొచ్చారు. లాకర్ తాళాలు ఇవ్వమన్నారు. ఇవ్వకపోవడంతో కాల్పులు జరిపారు. డిప్యూటీ మేనేజర్ కాలికి బుల్లెట్ తగిలింది. చివరికి దొంగలు వెండి వస్తువులతో పారిపోయారు.

అంతకుముందు ఏడాది జూన్‌లో అమెరికాలోని డల్లాస్‌లో ఇంకా ఘోరం. స్టోర్ కౌంటర్‌లో ఉన్న బాపట్ల జిల్లా యువకుడిని దొంగ కాల్చి చంపాడు.

సిటీ గొడవలు మనకెందుకులే అనుకోవడానికి లేదు. బందరు, చిలకలపూడి వైపు రోల్డ్ గోల్డ్ నగల షాపులు బోలెడు. మంగినపూడి బీచ్ దారిలో ఒక్క మనిషే కూర్చునే చిన్న కొట్లూ ఉంటాయి. అద్దాల వెనక మెరిసేది గిల్టో బంగారమో వచ్చిన దొంగకు తెలియదు కదా!

చట్టం ఏమంటోంది?

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ గురించే. మన ప్రాణాన్నే కాదు, ఎదుటివాడి ప్రాణాన్ని, ఆస్తిని కూడా కాపాడే హక్కు ఉంది. దోపిడీ జరుగుతున్నప్పుడు ఎదురుదాడిలో దొంగ చనిపోయినా, సెక్షన్ 41 కింద రక్షణ దొరకొచ్చు.

కానీ హద్దులున్నాయి. అవసరానికి మించి దెబ్బ కొట్టకూడదని సెక్షన్ 37 చెబుతోంది. దోపిడీలో ప్రాణభయం, దెబ్బల భయం ఉన్నంతసేపే ఈ హక్కు ఉంటుందని సెక్షన్ 43 చెబుతోంది. అంటే కత్తి పట్టుకుని మీదకొస్తుంటే కొట్టడం ఆత్మరక్షణ. దొరికిపోయినవాడిని స్తంభానికి కట్టేసి చితకబాదడం నేరం. అప్పుడు కేసు మీ మీదే!

అయితే ఆ కంగారులో దెబ్బను త్రాసులో తూచినట్టు కొలవమని కోర్టులు కూడా అడగవు. 2010లో దర్శన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇదే స్పష్టం చేసింది.

హక్కు ఉంది సరే.. వాడాలా?

అసలు ప్రశ్న ఇదే. గన్ ఉన్నవాడికి వేలు కదిపితే చాలు. మనం కౌంటర్ దాటేలోపే అంతా అయిపోతుంది. సరుకుకు ఇన్సూరెన్స్ చేయించొచ్చు, పోయిన ప్రాణాన్ని ఏ పాలసీ తేలేదు. అందుకే అడిగింది డబ్బే అయితే ఇచ్చేయడమే తెలివి. ఇచ్చినా వదలకుండా ప్రాణం మీదకొస్తే, తప్పించుకునే దారి లేకపోతే.. అప్పుడు చేతికి దొరికినదానితో ఎదిరించండి.

ఆ నిమిషంలో ఏం చేయాలి?

* చేతులు కనపడేలా ఉంచండి. డ్రాయర్ తీసేముందు "తాళం తీస్తున్నా" అని చెప్పండి. గబుక్కున కదలొద్దు.
* ముసుగు లాగొద్దు. ఎత్తు, నడక, మాట యాస, చెప్పులు గుర్తుపెట్టుకోండి.
* బయటికి వెళ్లాక వెంటపడొద్దు. బండి నంబరు, వెళ్లిన దిక్కు చూసి, షట్టర్ దించి 112కి ఫోన్ చేయండి.
* వాళ్లు ముట్టుకున్న వస్తువులు తుడవొద్దు. వేలిముద్రలు పోతాయి.

ముందు జాగ్రత్త కూడా ముఖ్యమే. సీసీ కెమెరా రికార్డర్ కౌంటర్ కింద పెడితే దొంగ దాన్నీ పట్టుకుపోతాడు. దాన్ని వేరే గదిలో దాచండి, లేదా ఫోన్‌కు కాపీ వచ్చేలా పెట్టించుకోండి. గల్లాలో ఎక్కువ డబ్బు ఉంచొద్దు. పనివాళ్లకు ఈ మాటలన్నీ ముందే చెప్పండి. వాళ్లు సాహసం చేయనక్కర్లేదని యజమానే చెప్పాలి. లేదంటే జీతం కోసం వచ్చిన కుర్రాడు ఓనర్ సొమ్ము కోసం తూటాకు ఎదురెళ్తాడు!