గిడ్డంగుల్లో బియ్యం, కార్డుపై గోధుమలు

న్యూఢిల్లీ: దేశ ఆహార భద్రతకు పట్టుగొమ్మగా పేరొందిన పంజాబ్‌లో కొందరు పేదలకు చౌకధరల దుకాణంలో ఉచితంగా లభించే ధాన్యం తినడానికి పనికిరాదు. అది నాసిరకమైనందువల్ల కాదు, గోధుమ అయినందువల్ల. సీలియాక్ వ్యాధి ఉన్నవారికి గోధుమ, బార్లీలలోని గ్లూటెన్ అనే మాంసకృత్తు పడదు. అది కడుపులోకి వెళ్లినప్పుడల్లా శరీరంలోని రక్షణ వ్యవస్థ తన చిన్నప్రేవునే దెబ్బతీసుకుంటుంది. ఈ వ్యాధికి మందు లేదు. జీవితాంతం ఆ ధాన్యాలకు దూరంగా ఉండటమొక్కటే చికిత్స.

ఇది పాశ్చాత్యుల వ్యాధి అనే అభిప్రాయం మన వైద్యుల్లో చాలాకాలం ఉండేది. ఢిల్లీ పరిసరాల్లో అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ పరిశోధకులు జరిపిన అధ్యయనం ఆ అభిప్రాయాన్ని మార్చివేసింది. 2011లో వెలువడిన ఆ అధ్యయనం ప్రకారం సుమారు నూటికి ఒకరికి ఈ వ్యాధి ఉంది. ఐరోపా దేశాల్లోనూ ఇంచుమించు ఇదే స్థాయి కావడం గమనార్హం.

ఉత్తర, ఈశాన్య, దక్షిణ భారతాల్లో 23 వేల మందికి పైగా పెద్దలను పరీక్షించి 2016లో ప్రకటించిన మరో అధ్యయనం ఇంకా ఆసక్తికరమైనది. వ్యాధిని సూచించే ప్రతిరక్షకాలు ఉత్తరాదిన 1.23 శాతం మందిలోనూ, ఈశాన్యంలో 0.87 శాతం మందిలోనూ, దక్షిణాదిన 0.10 శాతం మందిలోనూ కనిపించాయి. వ్యాధికి అవకాశమిచ్చే జన్యువులు మాత్రం మూడు ప్రాంతాల్లోనూ మూడో వంతు మందికి అటూ ఇటూగా ఉన్నాయి. తేడా కంచంలో ఉంది. ఉత్తరాది వ్యక్తి రోజుకు సగటున 455 గ్రాముల గోధుమ తింటుండగా, దక్షిణాదివారు తినేది 25 గ్రాములే. అయితే రోజుకు 37 గ్రాములే తినే ఈశాన్యంలో ప్రతిరక్షకాలు అంత ఎక్కువగా ఎందుకున్నాయన్నది ఈ లెక్కకు లొంగదు. గోధుమ ఒక్కటే కారణమని చెప్పేందుకు అందువల్ల వీల్లేదు.

గోధుమకూ ఈ వ్యాధికీ గల సంబంధం బయటపడటానికి యుద్ధకాలపు ఆకలి కూడా తోడ్పడింది. 1944-45 శీతకాలంలో నెదర్లాండ్స్‌లో రొట్టెలు దొరకక జనం అలమటిస్తున్నప్పుడు, ఈ వ్యాధితో బాధపడుతున్న పిల్లలు మాత్రం కోలుకోసాగారు. గోధుమపై అంతకుముందే అనుమానం ఉన్న విలెం డిక్కె అనే పిల్లల వైద్యునికి ఆ అనుభవం మరింత బలమిచ్చింది.

మన దేశంలో ఈ వ్యాధి తరచు మరో పేరుతో చలామణీ అవుతోంది. చిన్నప్రేవులోని ఆంత్ర చూషకాలు దెబ్బతింటే తిన్న ఆహారంలోని ఇనుము, కాల్షియం ఒంటబట్టవు. పిల్లలు ఎదగరు. విరేచనాలు కొందరిలోనే ఉంటాయి. మరికొందరిలో కనిపించేది రక్తహీనత ఒక్కటే. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 67.1 శాతం మంది, 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మంది రక్తహీనులు. ఇంతటి జనసమూహంలో ఇనుము మాత్రలు మింగినా గుణం కనిపించని బిడ్డను విడిగా గుర్తించడం తేలిక కాదు. తల్లి సరిగా మాత్రలు వేయలేదని మందలించి పంపివేయడమే తేలిక. సాధారణంగా రక్తపరీక్ష, ఆపై ఎండోస్కోపీ చేసి ప్రేవు ముక్కను పరీక్షించి వ్యాధిని నిర్ధారిస్తారు.

నిర్ధారణ అయ్యాక మొదలయ్యేది ధాన్యం సమస్య. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రాధాన్య కుటుంబాల్లో మనిషికి నెలకు ఐదు కిలోల చొప్పున ఆహార ధాన్యాలు పొందే హక్కు ఇచ్చింది. 2023 జనవరి నుంచి వాటిని ఉచితంగా ఇస్తున్నారు. చట్టం దృష్టిలో ఆహార ధాన్యమంటే బియ్యం, గోధుమ, చిరుధాన్యాలలో ఏదైనా కావచ్చు. ఆచరణలో మాత్రం ఏ ధాన్యం అందాలన్నది రాష్ట్రాలవారీ కేటాయింపు నిర్ణయిస్తుంది. పంజాబ్, రాజస్థాన్‌లలో అది గోధుమ. సీలియాక్ రోగికి చట్టం ఇచ్చిన హక్కు కాగితంపై ఉంది, సంచిలో లేదు.

విడ్డూరమేమంటే, ఇదే పంజాబ్ నుంచి ఇటీవలి సంవత్సరాల్లో ఏటా కోటి టన్నులకు పైగా బియ్యం కేంద్ర నిల్వలకు చేరుతున్నాయి. ఆ బియ్యం రైళ్లలో తరలిపోతాయి. పక్క ఊరి గిడ్డంగిలో బియ్యం బస్తాలు గుట్టలుగా ఉండగా రోగి కుటుంబం బజారులో బియ్యం కొనుక్కోవలసి వస్తోంది. ధ్రువపత్రం చూపిన రోగికి గోధుమకు బదులు అదే తూకంలో బియ్యం ఇస్తే ఖజానాపై పడే అదనపు భారం స్వల్పమే. రోగుల సంఖ్య పెద్దది కాదు కాబట్టి కేటాయింపులూ తలకిందులు కావు. ఇంగ్లండులో కొన్ని ప్రాంతాల్లో రోగులకు గ్లూటెన్ లేని రొట్టె, పిండి వైద్యుల చీటీపై లభిస్తాయి. ఇటలీ నెలనెలా కొంత భత్యం ఇస్తోంది. ఇక్కడ అంత అవసరం లేదు. జొన్న, సజ్జ, రాగి, మొక్కజొన్న సహజంగానే గ్లూటెన్ లేనివి.

2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపినప్పుడు వాటి గొప్పతనం గురించి ఎంతో చెప్పారు. పిండిమర గురించి ఎవరూ చెప్పలేదు. గోధుమ ఆడిన మరలోనే సజ్జలు ఆడిస్తే ఆ పిండి రోగికి పనికిరాదు. గ్లూటెన్ రహితమని ముద్రించే ఆహారంలో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండరాదన్నది భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నిబంధన. అంత సూక్ష్మమైన హద్దు ఊరి మరలో నిలవదు. ఆ ముద్ర ఉన్న పొట్లాల ధర కూలి కుటుంబానికి అందదు. ఇంట్లో విసుర్రాయి ఉన్నవారు అదృష్టవంతులు.

తెలుగు రాష్ట్రాల్లో రేషన్ ప్రధానంగా బియ్యమే కనుక ఈ చిక్కు అంతగా లేదు. అయితే మధుమేహం వచ్చిందని రాత్రి అన్నం మాని చపాతీకి మారిన కుటుంబాలు ఇక్కడ లెక్కలేనన్ని. ఉప్మా రవ్వ, సేమియా, మైదా సరేసరి. బజారు ఇంగువలో కూడా తరచు గోధుమపిండి కలుపుతారు. దక్షిణాదిన ఈ వ్యాధి అరుదు కావడంతో అనుమానించే వైద్యులూ తక్కువే. అనుమానం వచ్చినవారు పరీక్షకు ముందే సొంతంగా గోధుమ మానరాదని నిపుణులు హెచ్చరిస్తున్నారు. మానితే రక్తంలో ప్రతిరక్షకాలు తగ్గిపోయి, వ్యాధి ఉన్నా లేనట్టే ఫలితం వచ్చే ప్రమాదం ఉంది.