ఆపాల్సింది తప్పును, జనాన్ని కాదు

గట్టు తగాదాల పుణ్యమా అని ఇంజంక్షన్ అనే మాట మన రైతులకు కొత్త కాదు. పక్కవాడు హద్దురాయి పీకేస్తాడని భయముంటే ముందే కోర్టుకెళ్లి ఆర్డర్ తెచ్చుకుంటాం. జరిగిన తప్పుకు శిక్ష వేరు, జరగబోయే తప్పును ఆపడం వేరు. ఈ రెండో పనికే ఇంజంక్షన్. మరి అదే ఆర్డర్‌ను రైతుల ప్రదర్శన మీద అడిగితే?

2021 జనవరిలో అదే జరిగింది. మూడు సాగు చట్టాలను రద్దు చేయాలంటూ సింఘు, టిక్రీ, ఘాజీపూర్ సరిహద్దుల్లో చలికి వణుకుతూ బైఠాయించిన రైతులు, రిపబ్లిక్ డే నాడు ట్రాక్టర్ పరేడ్ జరుపుతామన్నారు. కేంద్రం ఢిల్లీ పోలీసుల ద్వారా సుప్రీంకోర్టుకు వెళ్లింది. ట్రాక్టర్లే కాదు, ఏ రూపంలోనూ ఢిల్లీలో ప్రదర్శన జరగకుండా ఇంజంక్షన్ ఇవ్వాలని కోరింది. గణతంత్ర వేడుకకు భంగం కలిగితే దేశానికే తలవంపులని వాదించింది.

కోర్టు ఆ ఆర్డర్ ఇవ్వలేదు. ఢిల్లీలోకి ఎవరిని రానివ్వాలో తేల్చుకోవాల్సింది పోలీసులేనని చెప్పింది. జనవరి 20న కేంద్రం దరఖాస్తు వెనక్కి తీసుకుంది. ఆ తర్వాత పోలీసులు, రైతు నాయకులు కూర్చుని రూట్లు, షరతులు ఖరారు చేసుకున్నారు. ఇదీ సరైన పద్ధతి. వీధుల్లో సభలను ప్రభుత్వం క్రమబద్ధం చేయవచ్చు గానీ, అధికారి ఇష్టం వచ్చినట్టు కాదనడానికి వీల్లేదని 1972లోనే హిమ్మత్‌లాల్ షా కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. 2022లో అమరావతి రైతుల పాదయాత్రకు పోలీసులు అనుమతి నిరాకరించినప్పుడు, మన హైకోర్టు 600 మందికి మించరాదన్న షరతుతో అనుమతించింది.

అయితే నాణేనికి రెండో వైపు కూడా చూడాలి. జనవరి 26న అత్యధికులు ఒప్పుకున్న రూట్లలోనే నడిచారు. కొందరు మాత్రం బారికేడ్లు తోసుకుని ఐటీఓ మీదుగా ఎర్రకోట చేరారు. ఒక యువరైతు ప్రాణం పోయింది. ఎందరో పోలీసులు గాయపడ్డారు. ఫిబ్రవరి 1న తలపెట్టిన పార్లమెంటు మార్చ్ ఆగిపోయింది. రెండు నెలల క్రమశిక్షణకు కొన్ని గంటల్లో మచ్చ పడింది. ఉద్యమం మళ్లీ నిలదొక్కుకుని అదే ఏడాది నవంబరులో చట్టాలను రద్దు చేయించింది గానీ, ఆ రోజు మనమే ఎదుటివారి చేతికి కర్ర ఇచ్చామన్నది నిజం.

ఇంజంక్షన్ అడిగేవారు మూడు సంగతులు చూపాలి: పైకి కనిపించే బలమైన కేసు ఉందని, ఆపకపోతే పూడ్చలేని నష్టమని, ఆపితే ఎదుటివారికి కలిగే ఇబ్బంది కంటే ఆ నష్టమే ఎక్కువని. రాళ్లు రువ్వేవాడిని ఆపమంటే న్యాయం. ఎవడో రువ్వుతాడేమోనని వెయ్యి మందిని ఇంట్లో కూర్చోమంటే అది న్యాయం కాదు. ఈ తేడాను కోర్టు ముందు నిలబెట్టడం మన పని.

అందుకు సంఘ శాఖలు కొన్ని పనులు అలవాటు చేసుకోవాలి. కార్యక్రమానికి అనుమతి కోరుతూ ముందుగా రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. రూటు, సమయం, వాలంటీర్ల పేర్లు అందులోనే రాయండి. ఎదుటివారు సివిల్ కోర్టుకు వెళ్తారనిపిస్తే లాయరు చేత కేవియట్ వేయించండి. 90 రోజుల పాటు మనకు తెలియకుండా ఆర్డర్ రాకుండా అది కాపు కాస్తుంది. అయినా మన వాదన వినకుండా ఆర్డర్ వస్తే, రద్దు చేయమనో సడలించమనో అదే కోర్టును అడగవచ్చు. అంతవరకు మాత్రం దాన్ని మీరవద్దు. మీరితే ఆస్తి జప్తు, మూడు నెలల దాకా సివిల్ జైలు తప్పకపోవచ్చు.

రోడ్డెక్కే హక్కు మనది. ఆ హక్కుకు కంచె కూడా మనమే వేసుకోవాలి. మన వరుస మనం తప్పకపోతే, మనల్ని ఆపమని అడిగేవారికి కోర్టులో చూపడానికి ఏమీ మిగలదు.