ఇంటి పాడి, ఇరుగుపొరుగు పాలు

'పాడిపంట'లని జంటగా పలుకునపుడు మన పెద్దలు పాడినే ముందుంచిరి. పంట యేటికి ఒకటి రెండు మాఱులు చేతికి వచ్చును. పాడి దినమునకు రెండు మాఱులు వచ్చును. పంట వానను నమ్ముకొని యుండును; పాడి యింటివారి యోపికను నమ్ముకొని యుండును. మఱియు మన భాషలో 'పాలు' అను మాటకు క్షీరమనియు, భాగమనియు రెండర్థములు గలవు. ఈ రెండర్థములును ఒకే గిన్నెలో నుండుట మన పల్లెల యాచారము. బఱ్ఱె యీనిన యింటివారు జున్నును ఇరుగుపొరుగులకు పంచక తామే తినుట మర్యాద కాదు. తోడునకు వచ్చిన బిడ్డను వట్టి గిన్నెతో పంపుట యంతకంటెను మర్యాద కాదు. ఈ యాచారము మన బొగ్గుగనుల సీమలో నిలువదగినదా, నిలిచినచో నేరీతిగా నిలువవలెను అను విషయమై నా యభిప్రాయమును విద్యార్థులకును, తలిదండ్రులకును మనవి చేయుచున్నాను.

1871లో ఇల్లందు ప్రాంతమున బొగ్గు కనుగొనబడెను. 1920లో సింగరేణి కాలరీసు కంపెనీ యేర్పడెను. తరువాత రామగుండము గనులు తెరువబడి గోదావరిఖని పట్టణమై వెలసెను. 1983 నుండి రామగుండమున విద్యుదుత్పత్తియు పెద్దయెత్తున సాగుచున్నది. వీనివలన వేలకొలది కుటుంబములు అన్నము తినుచున్నవి; ఆ మేలును మఱువరాదు. కాని గని వచ్చిన చోట నేల లోపలి భాగమునకు విలువ హెచ్చి, పైభాగమునకు విలువ తగ్గును. ఓపెన్‌కాస్టు గనియందు పైమన్నంతయు తొలగించి గుట్టలుగా పోయుదురు. పశువులు మేసిన బీడులు ఆ త్రవ్వకములోనో, ఆ గుట్టల క్రిందనో పోవును. ఇంక పొలములున్న చోట వరిని యంత్రముతో కోయుటచేత గడ్డియు చాలవఱకు ఇల్లు చేరుట లేదు. కావున నేడు ఒక బఱ్ఱెను సాకుటయనగా గడ్డిని, తవుడును, పత్తిచెక్కను వెలపెట్టి కొనుటయే.

ఇట్టి కష్టమున్నను, చిన్న కుటుంబముల పాడి నిలువవలెననియే నా మతము. 1998 నుండి మన దేశము పాల యుత్పత్తిలో ప్రపంచమున మొదటిదిగా నున్నది. ఆ పాలలో మిక్కిలి భాగము పెద్ద ఫారములనుండి కాదు, రెండు మూడు పశువులు గల యిండ్లనుండియే వచ్చుచున్నది. 1946లో గుజరాతునందలి ఆనందులో రైతులు సంఘముగా కూడిరి. 1970లో ఆ మార్గమే దేశమంతట వ్యాపింప మొదలిడెను. అంత దూరమేల? పూర్వపు కరీంనగరు జిల్లాలోని ముల్కనూరులో స్త్రీలే సభ్యులై, స్త్రీలే పాలకులై పాల సహకార సంఘమును నడుపుచున్నారు. కొట్టము నూడ్చి, పేడ యెత్తి, పాలు పిదికెడి చేతికే పాలడబ్బును చేరుట యెంత న్యాయము! గనిలో కాంట్రాక్టు పని యెప్పుడు నిలిచిపోవునో తెలియని యింట, గుంజకు కట్టిన బఱ్ఱె యొక ధైర్యము.

అయితే పాడిని మెచ్చుట వేఱు, పచ్చిపాలను మెచ్చుట వేఱు. కాచినచో పాల సారము పోవునని, పచ్చిపాలే బలమని ఇటీవల కొందఱు చెప్పుచున్నారు. కాచుటవలన కొన్ని విటమినులు కొంత తగ్గుట నిజమే. మాంసకృత్తులును, సున్నమును పోవు. ఐరోపాఖండమున పశువుల నడుమ పెరిగిన పిల్లలకు ఉబ్బసము తక్కువయని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. కాని వారును పచ్చిపాలు త్రాగుడని చెప్పలేదు. ఏలయన, మాల్టా ద్వీపపు కథ వారెఱుగుదురు. అచ్చటి ఆంగ్లసైనికులు విడువని జ్వరముతో మంచము పట్టుచుండిరి. 1887లో డేవిడ్ బ్రూస్ ఆ సూక్ష్మజీవిని కనుగొనెను. 1905లో జమ్మిత్ అను వైద్యుడు మేకలను పరీక్షించి, అది వాని పచ్చిపాలనుండి వచ్చుచున్నదని తేల్చెను. ఆ మేకలు చూచుటకు ఆరోగ్యముగానే యుండెను! మరుసటి యేట ఆ పాలను మాన్పింపగా సైనికులలో జ్వరము త్వరలోనే తగ్గిపోయెను. ఆ జాతి రోగమే మన పశువులలో బ్రూసెల్లోసిస్ అను పేర నున్నది. దానిచే చూలు నిలువక యీచుకొనిపోవును. కావున 'మా బఱ్ఱె మంచిది, మా చేతులు శుభ్రము' అనుట చాలదు. పాలను పొంగువఱకు కాచుటయే మన యమ్మలు నేర్పిన శాస్త్రము. పాలను పంచుకొందము గాని రోగమును పంచుకొనరాదు.

ఇంక పాలలో ఎవరి పాలెంత? మొదటి పాలు దూడది. ఈనిన తొలిగంటలలో ముఱ్ఱుపాలు త్రాగని దూడ రోగమునకు నిలువలేదు. రెండవ పాలు ఇంటి బిడ్డలది. ఉన్నదంతయు క్యానులో పోసి పంపి, తమ పిల్లలకు వట్టి టీనీళ్లిచ్చుట లాభమనిపించుకొనదు. మూడవది పొరుగున నున్న బాలింతది, వృద్ధునిది. మిగిలినది అమ్మకమునకు. కొనువారికిని ధర్మము గలదు: జీతము వచ్చిన దినముననే పాలవాని బాకీ తీర్పవలెను. అమ్మువాడు నీరు కలుపరాదు. కలిపిన నీటితో రోగమును కలియవచ్చును.

తలిదండ్రులకొక మనవి. బఱ్ఱెలను తోలుటకై బిడ్డను, ముఖ్యముగా ఆడుబిడ్డను, బడి మాన్పింపకుడు. బడి వేళకు ముందు గడ్డి వేయుట పని నేర్చుకొనుట. బడి వేళ గడ్డి కోయుట చదువును కోయుటయే. నాలుగు నెలలనుండి ఎనిమిది నెలలలోపు పెయ్యదూడకు బ్రూసెల్లా టీకా వేయింపుడు. 2019లో మొదలైన జాతీయ కార్యక్రమమున నిది చేరియున్నది. ఈచుకొనిపోయిన దూడను, మాయను వట్టిచేతులతో ముట్టకుడు.

మిషను పాఠశాలకిది పరాయి విషయము కాదు. శామ్ హిగిన్‌బాటమ్ అను మిషనరీ 1910లో అలహాబాదులో వ్యవసాయ విద్యాలయమును స్థాపించెను. నేలను బాగుచేయుటయు దైవసేవయే యని యాయన తలంచెను. మన విజ్ఞానశాస్త్ర తరగతిలోను లాక్టోమీటరు వాడుక, పాలు కాచుట, పొదుగు కడుగుట పాఠములు కావలెను. మట్టిగుట్టలపై చెట్లు నాటువారు కొంత మేర పసరికకును విడువవలెనని పెద్దలు అడుగవలెను.

అబ్రాహాము తన గుడారమునకు వచ్చిన బాటసారులకు పాలును వెన్నయు పెట్టెనని మనము చదువుచున్నాము. ఆ యతిథిధర్మము మన వాడలలో నిలుచుగాక. కాచిన పాలతో నిలుచుగాక!