గుమ్మందాకా వచ్చిన వైద్యం – పాదముల సంగతి



2021 ఆగస్టు 5వ తేదీన తమిళనాడు ప్రభుత్వము "మక్కళై తేడి మరుత్తువం" అను పథకమును మా కృష్ణగిరి జిల్లాలోని సామనపల్లెలో ప్రారంభించినది. మధుమేహము, రక్తపోటు కలవారికి మాత్రలు ఇంటివద్దనే అందించుట దాని ఉద్దేశము. హోసూరు ప్రాంతపు తెలుగు కుటుంబాలలో దానివల్ల మేలు పొందిన వృద్ధులు కలరు. మెచ్చుకొనవలసిన పనే. కాని గుమ్మందాకా వచ్చినవారు రోగి అరికాళ్లను గూడ చూచి పోవలెనని నా మనవి.

మధుమేహము ముదిరినకొలది పలువురికి పాదములలో స్పర్శ తగ్గిపోవును. ముల్లు గ్రుచ్చుకొన్నను, చెప్పు ఒరసికొన్నను తెలియదు. ఎండకాలంలో చంద్రచూడేశ్వరుని కొండ వట్టికాళ్లతో ఎక్కి, బొబ్బలు లేచిన సంగతి ఇంటికి వచ్చినదాకా ఎరుగనివారున్నారు. నొప్పి లేదు గనుక ఎవరికీ చెప్పరు. ఆనెకాయను బ్లేడుతో కోసికొందురు, వేన్నీళ్లలో కాళ్లు పెట్టుదురు. రెండును ప్రమాదమే.

పుండు మానకున్నచో అందరు చక్కెరనే తప్పుపట్టుదురు. అది సగమే నిజము. అరికాలి పుండు మానకుండుటకు పెద్ద కారణము మనిషి దానిమీద నడచుచుండుటయే. నొప్పి గలవాడు కుంటును. స్పర్శ లేనివాడు కుంటడు గదా! ఈ సంగతిని గట్టిగా చాటినవారిలో ముఖ్యుడు, కొల్లిమలలో పుట్టిన డాక్టరు పాల్ బ్రాండ్. ఆయన 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చి, కుష్ఠురోగుల అరికాలి పుండ్లను పిండికట్టుతో మాన్పెను. శరీరభారము పుండుమీదనే పడక పాదమంతటికి పరచుకొనుటయే అందలి కిటుకు. 1966లో అమెరికాలోని కార్విల్‌కు వెళ్లిన పిమ్మట అదే పద్ధతి మధుమేహులకును ఉపయోగపడినది. 2023 నాటి అంతర్జాతీయ సూచనలలో సైతము ఇట్టి పుండ్లకు, రోగి తానుగా విప్పుకొన వీలులేని, మోకాటి దిగువదాకా వచ్చు కట్టుకే ప్రథమ స్థానము. రక్తప్రసారము చాలనివారికి, చీము పట్టినవారికి మాత్రము ముందు వాటి చికిత్స జరుగవలెను.

ఇంత దగ్గర పెరిగిన విద్య మన ఇండ్లకు ఎంత చేరినది? డ్రెస్సింగు చేయించుకొన్న రోగి అదే కాలితో బస్సుస్టాండుకు నడచిపోవుచున్నాడు. మెత్తని ఎం.సి.ఆర్. చెప్పులు వ్రాసి ఇచ్చినను, అవి కుష్ఠువారి చెప్పులని పెండ్లిండ్లకు తొడుగుకొనని పెద్దలు మనలో ఉన్నారు. మానిన పుండ్లలో నూటికి సుమారు 40 ఏడాదిలోగా తిరుగబెట్టునని 2017లో న్యూ ఇంగ్లండ్ వైద్యపత్రిక సమీక్ష ఒకటి తెలిపినది. అట్టిచో చెప్పును మాత్రతోబాటు ఔషధముగానే ఎంచి ప్రభుత్వము ఏల ఈయరాదు?

పాదముల రక్షణకు ప్రభుత్వము ప్రత్యేక పథకము చేపట్టుట సంతోషమే. కాని ఆస్పత్రికి పోనివారి మాటేమి? స్పర్శ కలదో లేదో తెలిసికొనుటకు 10 గ్రాముల ఒత్తిడికి వంగు నైలాను పోగు చాలును. మాత్రలు తెచ్చు కార్యకర్తకు అది ఇచ్చి, వాడుట నేర్పి, స్పర్శ లేనివారిని, పుండు కనబడినవారిని వెంటనే వైద్యుని వద్దకు పంపు ఏర్పాటు చేయవలెను. మా ప్రాంతంలో ఆ ప్రశ్నలేవో తెలుగులో అడిగినచో ముసలమ్మలు కాలు దాచుకొనక చూపెదరు.

హోసూరు
— ఒక పాఠకుడు