బాటసారికి ఒక రాత్రి

ఇబ్రహీంపట్నము పేరులోనే చరిత్ర కలదు. గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్ షా (1550–1580) పేర వెలసిన ఊరది. అచ్చటి పెద్ద చెరువును ఎరుగని విద్యార్థి ఆ ప్రాంతమున ఉండడు. కాని ఆ ఊరికి ఉత్తరమున, హైదరాబాదు–విజయవాడ రహదారికి చేరువనున్న హయత్‌నగరు సరాయిని చూచినవారు ఎందరు?

మహమ్మద్ కులీ కుతుబ్ షా కుమార్తె హయత్ బక్షీ బేగము పేర హయత్‌నగరు వెలసినది. ఆమె కుమారుడు అబ్దుల్లా కుతుబ్ షా పాలనాకాలమున (1626–1672) అచ్చట మసీదును, దాని ఆవరణము చుట్టును బాటసారుల కొరకు వరుస గదులను నిర్మించిరి. సమీపముననే పెద్ద బావి కలదు. ఏనుగులచే నీరు తోడించుటవలన దానికి ఏనుగు బావియని పేరు వచ్చినదందురు. గోలకొండనుండి మచిలీపట్నపు రేవునకు పోవు వర్తకులకు ఇది దారిలోని విడిది. ఎండన పడి వచ్చినవానికి నీడయు, నీరును, తలవాల్చుటకు గదియు ఒక్కచోటనే దొరకెడివి.

తెలుగున ‘మజిలీ’ యను మాట కలదు. ఒక దినపు ప్రయాణమును మజిలీయే, ఆ రాత్రి నిలిచెడి చోటును మజిలీయే. నడకకును విశ్రాంతికిని ప్రజలు ఒకే పేరు పెట్టుకొనిరి. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలలో ప్రయాణికులు ఆగినచోటనెల్ల కథ పుట్టినది. ఏనుగుల వీరాస్వామయ్య 1830–31లో కాశీయాత్ర చేయుచు, దిగిన ఊళ్లలోని వసతులను శ్రద్ధతో వ్రాసిపెట్టెను. బాట మంచిచెడ్డలకు నాటివారి కొలత అదియే.

నేడు ఆ బాట వెడల్పైనది, ప్రయాణము గంటలలో ముగియుచున్నది. ఇది మేలే, ఎద్దుబండి కాలము తిరిగి రావలెనని ఎవరును కోరరు. అయితే వేగము పెరిగినంతమాత్రమున అలసట తీరలేదు. డబ్బుగలవానికి హోటలు కలదు. లారీ డ్రైవరు బండిక్రిందనే దుప్పటి పరచుకొనును. పనికై వలసవచ్చిన కూలి బస్టాండులో మూటను తలక్రింద పెట్టుకొనును. నాలుగువందల యేండ్లనాడు సరాయిలు కట్టిన నేలపై ఈ దృశ్యము సిగ్గుపడదగినది. బాట వేయువారే బాటసారికి పడకచోటు చూపవలెనను ధర్మమును పాలకులు మరల తలకెత్తుకొనవలెను.

ఆ పాతసరాయిని కాపాడుకొనుటయు అంత అవసరమే. ఇబ్రహీంపట్నము పరిసరముల ఉపాధ్యాయులు ఒక దినము విద్యార్థులను అచ్చటికి తీసికొనిపోవుదురు గాక. మిగిలిన గదులెన్నియో, పగిలిన కమానులెన్నియో పిల్లలు స్వయముగా లెక్కించి నోటుపుస్తకమున వ్రాసికొనవలెను. తాము లెక్కించిన గది కూలినచో, ‘ఎందుకు కూలినది?’ అని అడుగగల పౌరులు వారిలోనుండియే వత్తురు.